తవుడు నూనె: ఆరు నెలలు వాడిన తర్వాత

హన్మకొండలో మేము సరుకులు తెచ్చుకునే కిరాణా దుకాణం నుంచి ఆరు నెలలుగా 5 లీటర్ల తవుడు నూనె డబ్బా తెచ్చుకుంటున్నాము. తవుడు నూనెకు మారకముందు మా ఇంట్లో పల్లి నూనె తప్ప మరొకటి వాడలేదు. తవుడంటే బర్రెల కుడితిలో కలిపేదని చిన్నప్పటి నుంచి ఎరిగిన మా అమ్మ మొదట ఒప్పుకోలేదు కానీ, సంక్రాంతికి సకినాలు కాల్చిన తర్వాత ఇంకో డబ్బా తెమ్మని ఆమే చెప్పింది.

ఆ రోజు మూడు గంటలసేపు వాయి వెంట వాయి వేసినా మూకుడులో నూనె నురగ కట్టలేదు, పొగ రాలేదు. శుద్ధి చేసిన తవుడు నూనె సుమారు 230 డిగ్రీల సెల్సియస్ వరకు పొగ రాకుండా నిలుస్తుంది. సకినాలలో నువ్వుల, వాము వాసనలే తెలిశాయి తప్ప నూనె వాసన తెలియలేదు. అయితే మామిడికాయ తొక్కుకు ఈ నూనె చాలదు. పల్లి నూనె కమ్మదనం దీనికి లేదు.

ఈ నూనె మీద నాకు ఇంత మక్కువ కలగడానికి కారణం మన మిల్లులే. 100 కిలోల వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, 8 కిలోల వరకు తవుడు వస్తాయి. ఆ తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. కానీ బియ్యానికి పాలిష్ పట్టిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విరగగొట్టి ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి, తవుడును వెంటనే వేడి చేయాలి, లేదా నూనె తీసే కర్మాగారానికి చేర్చాలి; లేకపోతే ఆ నూనె వంటకు పనికిరాదు. మన యాసంగి వడ్లు నూకలవుతాయని ఉప్పుడు బియ్యంగా ఆడిస్తారు కదా; వడ్లు ఉడికించినప్పుడే ఆ ఎంజైము చచ్చిపోతుంది కనుక ఉప్పుడు తవుడు ఎక్కువ రోజులు నిలుస్తుంది, దానిలో నూనె కూడా ఎక్కువే. నూనె తీయగా మిగిలిన తవుడు మళ్లీ పశువుల దాణాకే పోతుంది.

కొనేవారు ముఖ్యంగా చూడవలసింది శుద్ధి పద్ధతి. కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడే ఒరైజనాల్ ఈ నూనెలో సహజంగా ఉంటుంది. క్షారంతో శుద్ధి చేస్తే అందులో చాలా భాగం సబ్బు మడ్డితో కొట్టుకుపోతుంది. ఆవిరితో ఆమ్లాలను తొలగించే భౌతిక శుద్ధిలో అది నూనెలోనే మిగులుతుంది. ఆ శుద్ధికి ముందు తవుడు నూనెలోని జిగురును ఎంజైముతో తీసే పద్ధతిని హైదరాబాద్‌లోని ఐఐసిటి (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారని చెప్పుకోవడం మనకు గర్వకారణం. మేము కొనే డబ్బా మీద భౌతిక శుద్ధి అనీ, ఒరైజనాల్ ఎంత ఉన్నదీ స్పష్టంగా రాసి ఉన్నాయి. మొదట్లో వేరొక చోట కొన్న ప్యాకెట్ మీద ఆ రెండూ లేవు. అది నెల తిరగకముందే ముక్కిన వాసన వేసింది. తిరిగి ఇస్తానంటే దుకాణదారు తీసుకోలేదు.

ఇప్పటి నూనెలోనూ ఒక లోపం ఉన్నది. డిసెంబరు చలికి పొద్దున్నే చూస్తే డబ్బా అడుగున దూదిపింజల వంటి తెల్లని మబ్బు కనిపించింది. ఎండలో పెడితే పది నిమిషాలకు కరిగిపోయింది. తవుడులో ఉండే మైనాన్ని చల్లబరిచి వడకట్టే పని పూర్తిగా జరగలేదని నా అభిప్రాయం. హాని లేకపోయినా, ఈ ధరకు అమ్మేవారు ఆ శ్రద్ధ చూపవలసిందే. దుకాణంలో డబ్బాలను ఎండ తగిలే అరుగు మీద పేర్చడం కూడా నాకు నచ్చలేదు. అందుకే ప్రతిసారీ లోపలి గది నుంచి డబ్బా తెప్పించుకొని, తయారీ తేదీ చూసి తీసుకుంటున్నాము.