హనుమకొండ నుంచి చెన్నై ట్రాక్ దాకా: ఆక్టేవియా ఆర్‌ఎస్‌తో నాలుగేళ్లు

నా దగ్గర ఉన్నది 2017లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 హార్స్‌పవర్, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. డిక్కీ ఇంత పెద్దగా ఉన్న బండిని స్పోర్ట్స్ కారు అంటే ఒప్పుకోని మిత్రులు నాకు చాలామందే ఉన్నారు, వారితో వాదించడం ఎప్పుడో మానేశాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ బండిని నాలుగేళ్లుగా రోజూ ఆఫీసుకు, ఏడాదికి మూడుసార్లు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు నడుపుతున్నాను. ఖమ్మం, విజయవాడ, నెల్లూరు మీదుగా ఆరువందల యాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం అది. ట్రాక్ మీద ఏది చెడినా తిరిగి ఇల్లు చేరవలసింది అదే బండిలో కనుక, ఏ మార్పు అవసరమో ఏది సరదా మాత్రమేనో తొందరగానే తెలిసివచ్చింది.

అందరిలాగే నేనూ మొదట పవర్ మీదే డబ్బు పెట్టి, హైదరాబాద్‌లో ఒకచోట ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్పు, చేయించాను. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా బాగా తెలిసేది. ట్రాక్ మీద మాత్రం నెమ్మది మలుపుల నుంచి బయటపడేటప్పుడు లోపలివైపు ముందు చక్రం ఊరికే తిరిగేది. మూడో ల్యాప్ (ట్రాక్ చుట్టు) నాటికి ఇంజన్‌లోకి వెళ్లే గాలి వేడెక్కేది, అప్పుడు ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి ఇగ్నిషన్‌ను, అంటే స్పార్క్ పడే సమయాన్ని, ఆలస్యం చేసుకునేది. దాంతో పెరిగిన పవర్‌లో చాలావరకు అక్కడే పోయేది. ఏడాదిన్నర తర్వాత పాత మ్యాప్‌నే మళ్లీ వేయించుకున్నాను.

నాకు నిజంగా బుద్ధి చెప్పినవి బ్రేకులు. రెండోసారి వెళ్లినప్పుడు ఐదో ల్యాప్‌లో, మెయిన్ స్ట్రెయిట్ దాటి బ్రేక్ తొక్కేసరికి పెడల్ దూది మీద కాలు పెట్టినట్టు నేలదాకా దిగిపోయింది. రెండుమూడుసార్లు గబగబా కొట్టి, మలుపు వదిలేసి, పక్కనున్న మట్టిలోకి నేరుగా పోనిచ్చాను. తప్పు పూర్తిగా నాదే, బండి కొన్నాక బ్రేక్ ఆయిల్ మార్పించనే లేదు. డాట్-4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. గాలిలోని తేమను అది పీల్చుకుంటూ పోతుంది కనుక, తడి చేరిన ఆయిల్‌కు అదే ప్రమాణం 155 డిగ్రీలే. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ ఎంత తొక్కినా ఆ బుడగలు నలుగుతాయే తప్ప ఒత్తిడి ప్యాడ్ల దాకా చేరదు. ఆనాటి నుంచి మరుగు ఉష్ణోగ్రత 300 డిగ్రీలు దాటిన రేసింగ్ ఆయిల్‌నే వాడుతూ, ప్రతి ట్రాక్ డేకు (సొంత బండిని ట్రాక్ మీద నడిపే రోజుకు) ముందు కొత్తది పోయిస్తున్నాను. ట్రాక్ ప్యాడ్లు మాత్రం ఊళ్లో పనికిరావు. చలికాలం పొద్దున వాటికి మొదటి బ్రేకుకు పట్టు ఉండదు, ఆ తర్వాత కీచుమంటే కాజీపేట చౌరస్తాలో ఆటోవాళ్లందరూ ఇటే చూస్తారు. అందుకే వాటిని డిక్కీలో పెట్టుకుని వెళ్లి, ముందురోజు సాయంత్రం ముందు చక్రాలకు నేనే మార్చుకుంటాను.

టైర్ల సంగతి ములుగు రోడ్డులో నేను ఎప్పుడూ వెళ్లే షాపతను చూడగానే పట్టేశాడు. “బయటి అంచు మొత్తం పోయింది సార్, లోపల కొత్తగనే ఉన్నది. ఇట్ల ఎట్ల నడుపుతున్నరు?” అన్నాడు. మలుపులో బండి ఒరిగినప్పుడు భారమంతా బయటి అంచు మీద పడి, టైరు సగమే పనిచేస్తోందని దాని అర్థం. చక్రాల వాలును మార్చే క్యాంబర్ ప్లేట్లు వేయించి ముందు చక్రాల పైభాగాన్ని రెండు డిగ్రీలు లోపలికి వాల్చాక అరుగుదల సమమైంది, మలుపులో ముక్కు బయటికి జారడమూ తగ్గింది. టోను, అంటే చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణాన్ని, సున్నా దగ్గర ఉంచడం వల్ల ఊరి వాడకంలో లోపలి అంచు నేను భయపడినంతగా అరగలేదు. గాలి విషయంలో మరో పాఠం నేర్చుకున్నాను. టైరులోని గాలి పది డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర పీఎస్‌ఐకి పైగా ఒత్తిడి పెరుగుతుంది. 33తో మొదలుపెడితే నాలుగు ల్యాపులకు 40 దాటేది. ఇప్పుడు 28తో మొదలుపెట్టి, వేడి మీద 35 దగ్గర ఆగేలా చూసుకుంటాను, తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ నింపుతాను. చక్రాల బోల్టులు చల్లారాక టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లు సరిచూడటం కూడా అలవాటైపోయింది.

వీటన్నిటికంటే ఎక్కువగా ల్యాప్ సమయాన్ని తగ్గించింది ఒక శిక్షకుడితో గడిపిన ఇరవై నిమిషాలు. పక్క సీట్లో కూర్చున్న ఆయన నా చేతుల్ని, కాళ్లనే చూశారు తప్ప గడియారం వైపు చూడలేదు. తర్వాత వేగాన్ని నమోదు చేసే జీపీఎస్ లాగర్‌లోని గీతను చూపించి, బ్రేక్ వదలడానికీ యాక్సిలరేటర్ తొక్కడానికీ మధ్య ఒక చదునైన మెట్టు ఉందని, ఆ కాసేపు బండి నా ప్రమేయం లేకుండా ఊరికే దొర్లుతోందని చెప్పారు. “మీరు బ్రేక్ లేటుగా తొక్కి, ఒక్కసారిగా వదిలేస్తున్నారు. కొంచెం ముందే తొక్కండి, స్టీరింగ్ తిప్పుతూ మెల్లమెల్లగా వదలండి” అన్నారు. అలా వదిలితే ముందు టైర్ల మీద భారం నిలిచి, బండి దానంతటదే మలుపులోకి తిరుగుతుంది. ఆ మెట్టు దాదాపు ప్రతి మలుపులోనూ ఉండేది. దాన్ని చెరపడానికి నాకు రెండు ట్రాక్ డేలు పట్టినా, అందులో తగ్గిన నాలుగు సెకండ్లు రీమ్యాప్ ఎన్నడూ ఇవ్వలేదు.

హెల్మెట్ విషయంలో మోటారుసైకిల్‌ది సరిపోతుందనుకోకండి. కార్లకు స్నెల్ ఎస్‌ఏ రకం తీసుకోవాలి, దాని లోపలి గుడ్డ మంటను తట్టుకుంటుంది. మామూలు మోటారు బీమా రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు వర్తించదు కనుక ట్రాక్ మీద జరిగే నష్టం మన జేబులోంచే పోతుందని ముందే లెక్క వేసుకోవాలి. నేను ఆ లెక్క వేసుకున్నది మట్టిలోకి దిగిన రోజు రాత్రి, నెల్లూరు దాటాక.

ఇప్పుడు ఈ పనికే ఇదే బండి కొనాలనుకునేవారు 2020లో రెండువందలే వచ్చిన ఆర్‌ఎస్ 245 కోసం వెతకడం మంచిది. అందులో పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ బలం పంపే ఎలక్ట్రానిక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది కనుక, నన్ను ఏడాదిన్నర ఏడిపించిన ఆ లోపలి చక్రం బాధ చాలావరకు తప్పుతుంది. దొరకకపోతే నాలాంటి పాతదాన్నే తీసుకుని, ఆ మిగిలిన డబ్బును ఆయిల్‌కు, ప్యాడ్లకు, పక్క సీట్లో కూర్చునే మనిషికి ఖర్చు పెట్టండి.