తలకు దెబ్బ తగిలినవాళ్లకు స్టెమ్ సెల్ డ్రిప్ అమ్ముతున్నారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి

తలకు బలమైన దెబ్బ తగిలి, మాటా నడకా పూర్తిగా తిరిగిరాని మనిషి ఇంట్లో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అలాంటి ఇంటికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మెదడు మళ్లీ పెరుగుతుందట" అనకుండా వెళ్లరు. (స్టెమ్ సెల్స్ అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు.) మా తమ్ముడి విషయంలోనూ అదే జరిగింది, ఆ మాట నమ్మి ఒక క్లినిక్‌లో డ్రిప్ పెట్టించాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి క్లినిక్ పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్దగా లాభం లేదు, ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు.

ఆ క్లినిక్‌వాళ్లు మాకు చూపించింది దొంగ కాగితం కాదు. కిటుకంతా అక్కడే ఉంది. 2021లో న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన నిజమైన పరిశోధన పత్రం అది. సాన్‌బయో కంపెనీ తయారుచేసిన ఎస్‌బీ623 అనే కణాల మీద అమెరికా, జపాన్, ఉక్రెయిన్‌లలో జరిగిన ట్రయల్, అంటే రోగుల మీద చేసి చూసే పరీక్ష. ఫలితాలున్న చోట హైలైటర్‌తో గీసి మరీ చేతిలో పెట్టారు. ఆ కణాలకు 2024 జూలైలో జపాన్‌లో షరతులతో ఆమోదం వచ్చిన మాట కూడా నిజమే. "జపాన్‌లోనే అప్రూవ్ అయిందండీ, ఇంకా డౌటెందుకు" అన్నాడు కౌన్సెలర్.

ఆ పత్రం మొత్తం చదివితే డౌటు తప్పకుండా వస్తుంది. ఆ ట్రయల్లో న్యూరో సర్జన్లు పుర్రెకు రంధ్రం పెట్టి, మెదడులో దెబ్బతిన్న చోటు చుట్టూ కణాలను నేరుగా ఉంచారు. మా వాడికి ఇచ్చింది చేతి నరంలోకి డ్రిప్. అక్కడ వాడినవి దాత ఎముక మజ్జ నుంచి తీసి, ల్యాబ్‌లో ప్రత్యేకంగా మార్పు చేసిన కణాలు. ఇక్కడ ఇచ్చినవి "బొడ్డుతాడు కణాలు" అని నోటిమాటగా చెప్పారు, అంతే. అక్కడ కొలిచింది ముఖ్యంగా కాళ్లూ చేతుల కదలికను. మాకు మాట, జ్ఞాపకం, కోపం అన్నీ సర్దుకుంటాయని చెప్పారు. ఆ కంపెనీకీ ఈ క్లినిక్‌కీ ఏ సంబంధమూ లేదు. ఒకరి పరీక్ష ఫలితం చూపించి ఇంకేదో అమ్మారన్నమాట.

సరే, ఆ ఫలితమైనా ఎంత? కణాలు అందుకున్నవాళ్లు 46 మంది. పోలిక కోసం పుర్రెకు పైపైన మాత్రమే రంధ్రం పెట్టి, కణాలు ఇవ్వకుండా వదిలేసినవాళ్లు 15 మంది. కదలికను 100 పాయింట్లలో కొలిచే స్కేలు మీద, ఆరు నెలలకు మొదటివాళ్లు సగటున 8.3 పాయింట్లు మెరుగయ్యారు, రెండోవాళ్లు 2.3. ఆశ కలిగించే తేడానే, నేను కాదనను. కానీ మంచం మీదున్న మనిషి లేచి ఆఫీసుకు వెళ్లాడని దాని అర్థం కాదు. పైగా ఆ 2.3 చూడండి, ఏ కణమూ అందనివాళ్లు కూడా కొంత మెరుగయ్యారు. క్లినిక్ వీడియోల్లో మనకు ఎప్పటికీ కనిపించనిది ఆ రెండో గుంపే. ఆ వీడియోల్లో ఉన్నవాళ్లలో చాలామంది దెబ్బ తగిలి ఏడాది కూడా కానివాళ్లు. ఆ కాలంలో మెదడు తనంతట తాను కూడా కోలుకుంటూ ఉంటుంది. ప్యాకేజీలో రోజూ ఫిజియోథెరపీ కూడా కలిపి ఇస్తారు. మెరుగుదల దేనివల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? ఎస్‌బీ623 ట్రయల్లోకి అందుకే దెబ్బ తగిలి ఏడాది దాటినవాళ్లనే తీసుకున్నారు.

డ్రిప్ పద్ధతి మీద పరిశోధనే లేదని అనడం లేదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ చార్లెస్ కాక్స్ బృందం తలకు తీవ్రంగా దెబ్బ తగిలిన 10 మంది పిల్లలకు వాళ్ల సొంత ఎముక మజ్జ కణాలనే నరంలోకి ఎక్కించి, ఆ వివరాలు 2011లో ప్రచురించింది. అయితే అది దెబ్బ తగిలిన 48 గంటల్లోపు చేసింది. మెదడు వాపును, మంటను తగ్గించడం ఉద్దేశం, పోయిన మెదడు కణాలను మొలిపించడం కాదు. ఏడాదో రెండేళ్లో గడిచాక డ్రిప్ పెట్టడానికి ఆ లెక్క వర్తించదు. క్లినిక్‌లు ఎక్కువగా వాడే రకం కణాలను జంతువుల నరాల్లోకి ఎక్కించి చూస్తే, చాలా భాగం మెదడు దాకా చేరకముందే ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో చిక్కుకున్నాయి.

డ్రిప్ పెట్టిన రాత్రే మా వాడికి బాగా జ్వరం వచ్చింది, తెల్లవారేసరికి ఫిట్స్. ఫోన్ చేస్తే "కణాలు పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తు" అన్నారు. ఈ మాట ఎవరి నోట విన్నా ఇక ఆలోచించకుండా దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి పరిగెత్తండి. మేం అలా తీసుకెళ్లిన చోట ఐసీయూ డాక్టరు మొదట అడిగింది, ఏం ఎక్కించారు, ఎక్కడ తయారైంది, బ్యాచ్ నంబరు ఎంత అని. క్లినిక్ ఇచ్చిన డిశ్చార్జ్ కాగితంలో "సెల్ థెరపీ" అన్న రెండు మాటలు తప్ప ఏమీ లేవు. పాపం ఆయన చీకట్లో తడుముకుంటూ వైద్యం చేయాల్సి వచ్చింది.

అయినా మాకు తక్కువలో పోయిందనే అనుకోవాలి. 2018లో అమెరికాలో బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన ఇంజెక్షన్లలో బ్యాక్టీరియా కలిసి 12 మంది ఆసుపత్రి పాలయ్యారు. పక్షవాతానికని వేర్వేరు దేశాల్లో కణాలు ఎక్కించుకున్న ఒకాయనకు వెన్నులో వేరే మనిషి కణాలతో గడ్డ పెరిగిందని 2016లో వైద్య పత్రికలో వచ్చింది. నాడీ వ్యాధి ఉన్న ఒక అబ్బాయికి ఎక్కించిన దాత కణాల నుంచే మెదడులో కణితి పుట్టిన కేసు 2009లో ప్రచురితమైంది. తలకు దెబ్బ కోసమంటూ అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన స్టెమ్ సెల్ మందు ఒక్కటీ లేదు.

"మాది రిజిస్టర్డ్ ట్రయల్" అంటే కూడా వెంటనే నమ్మకండి. ట్రయల్స్ వివరాలు పెట్టే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో పేరు ఉండటం అనుమతి కాదు, అక్కడ ఎవరి వివరాలు వాళ్లే నమోదు చేసుకుంటారు. ట్రయల్ అంటూనే చికిత్సకు మన దగ్గరే పూర్తి ఖర్చు వసూలు చేస్తున్నారంటే అనుమానించాలి. పోలిక గుంపు ఉందా, రోగుల భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఏది, హాని జరిగితే ఖర్చు ఎవరు భరిస్తారు అని రాతపూర్వకంగా అడగండి. మేం సంతకం పెట్టిన ఫారంలో చిన్న అక్షరాల్లో "ఫలితానికి హామీ లేదు" అని ఉంది. కౌన్సెలర్ నోట మాత్రం అంతా హామీయే. ఇంకో సంగతి, ఇలాంటి చోట ఒకసారి కణాలు ఎక్కించుకుంటే రేపు నిజమైన ట్రయల్ వచ్చినప్పుడు అందులో చేర్చుకోకపోవచ్చు. చాలా ట్రయల్స్‌లో ఆ నిబంధన ఉంటుంది. ఇది మాకు ఎవరూ చెప్పలేదు.

తమ్ముడికి ఇప్పుడు ఫిజియో, స్పీచ్ థెరపీ నడుస్తున్నాయి, ఫిట్స్ మందులు పెంచారు. డబ్బు వెనక్కి ఇవ్వమని రాస్తే, దానికి బదులు ఒక బూస్టర్ డోసు ఉచితంగా ఇస్తామని జవాబు వచ్చింది. ఆ మెయిల్‌ను కూడా ఫిర్యాదుకు జతచేశాం.