జవాబు పెట్టేదాకా పక్కవాడిది కనపడదు: మూడిల్ క్యూ అండ్ ఏ ఫోరం, చాలా సెమిస్టర్లు వాడాక

ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడిల్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఉచితం, 2002 నుంచి ఉంది, కాలేజీల్లో పాఠం చెప్పే వాళ్లు చాలామంది ఏదో ఒక రూపంలో చూసే ఉంటారు. వీడియోలు, అసైన్‌మెంట్లు, క్విజ్‌ల జోలికి పోను. నేను రాసేది అందులో ఉన్న క్యూ అండ్ ఏ ఫోరం, అంటే ప్రశ్న వేసి జవాబులు రాయించే చర్చా వేదిక గురించే. గుంటూరులో బీకాం పిల్లలకి అకౌంట్స్ ఆన్‌లైన్‌లో చెప్పినంత కాలం దీన్ని మాత్రం వదులుకోను.

పనితీరు సులువు. ప్రశ్న నేను వేస్తాను. తన జవాబు పెట్టేదాకా ఎవరికీ మిగతావాళ్ల జవాబులు కనపడవు. అంతకుముందు ఇదే పని వాట్సాప్ గ్రూపులో చేసేవాళ్లం. ప్రశ్న పడగానే బాగా చదివే ఇద్దరు ముగ్గురు రాసేసేవాళ్లు, దాని కింద వరసగా "సేమ్ సార్", బొటనవేలు బొమ్మలు. మిగతావాళ్లకి వచ్చిందో రాలేదో పేపర్లు దిద్దేటప్పుడు గానీ బయటపడేది కాదు.

దీని విలువ నాకు తెలిసొచ్చింది ముగింపు సరుకు (ఏడాది చివర అమ్ముడుపోక మిగిలిన సరుకు) విలువ పాఠం దగ్గర. కొన్న ఖరీదు, అమ్మితే నికరంగా వచ్చే విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది తీసుకోవాలి. సరుకు విలువ ఎలా కట్టాలో చెప్పే నియమం, అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పేది ఇదే, పిల్లలందరికీ కంఠతా వచ్చు. లెక్క మన ఊరిదే ఇచ్చాను. ఒక మిర్చి వ్యాపారి దగ్గర కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్నాయి. టిక్కీ 7,200కి కొన్నాడు. మార్చి 31న యార్డులో ధర 6,900. అమ్మితే టిక్కీకి కమీషనూ హమాలీ కలిపి 200 పోతుంది. స్టోరేజీ అద్దె ఇప్పటికే 250 కట్టాడు. టిక్కీ విలువ ఎంత రాయాలి, ఎందుకు?

చాలామంది 6,900 అన్నారు. కొందరు అద్దె కూడా ఖరీదులో కలిపి 7,450 చేసి, దాన్ని 6,900తో పోల్చారు. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి, క్లాసులో ఏనాడూ నోరు తెరవని పిల్ల, ఇలా రాసింది: "6,700 సార్. యార్డులో ఎంత పలికినా కమీషను, హమాలీ పోగా వచ్చిందే మా నాన్న లెక్క రాసుకుంటాడు. అద్దె కట్టాం గదా అని కొనేవాడు ధర పెంచడు, అది ఖర్చులోకే పోద్ది." ఫోన్లో మైకు నొక్కి మాట్లాడినట్టుంది, ఫుల్‌స్టాప్ ఒక్కటీ లేదు, చదవడానికి వీలుగా నేను పెట్టినవే ఇవి. కానీ స్టాండర్డ్ చెప్పేది అక్షరాలా ఇదే. తయారీలో భాగమైతే తప్ప నిల్వ ఖర్చు సరుకు ఖరీదులో కలవదు. అమ్మకానికయ్యే ఖర్చు తీసేశాకే నికర విలువ.

తర్వాత జరిగింది ఇంకా బాగుంది. మిగతావాళ్లకి ఆ జవాబు కనపడేసరికి వాళ్లవి అప్పటికే రాసేసి ఉన్నాయి, వెనక్కి తీసుకోలేరు. దాంతో వాదన మొదలైంది. అద్దె ఎందుకు కలపకూడదని ఒకబ్బాయి పట్టుబట్టాడు. మరి మిల్లులో కారం ఆడించేముందు తప్పనిసరిగా నిల్వ పెట్టాల్సొస్తే ఏం చేస్తావని ఇంకొకడు అడిగాడు. నేను ఒక్క మాటా కల్పించుకోలేదు. గంటసేపు వీడియోలో చెప్పినా రాని ప్రశ్న అది. వాట్సాప్‌లో అయితే మొదటి జవాబు 6,900 పడేది, అందరూ దానికే వేలు చూపించేవాళ్లు, ఆ అమ్మాయి రాసేదే కాదు.

ఆ ఊపులో స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను, దీంతో ప్రతి పిల్లాడూ మాట్లాడతాడని. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించాలి. జవాబు పెట్టగానే మిగతావి తెరుచుకోవు. పోస్టు దిద్దుకునే గడువు అయ్యాకే కనపడతాయి, ఆ గడువు మామూలుగా 30 నిమిషాలు. దీనికి కారణం ఉంది. వెంటనే చూపిస్తే పక్కవాడిది చూసి తనది మార్చేసుకోవచ్చు. ఇందులో నాకు తప్పేం కనపడదు. కానీ మా పిల్లల్లో కొందరికి సొంత ఫోన్ లేదు. అన్నదో నాన్నదో సాయంత్రం కాసేపు చేతికొస్తుంది. జవాబు పెడతారు, అరగంటలోపే ఫోన్ తిరిగిచ్చేయాలి. వాళ్లు రాస్తున్నారు గానీ చర్చ చూడటం లేదు. అసలు లాభం చర్చలోనే ఉంది. ఇప్పుడు వాళ్ల కోసం మర్నాడు క్లాసులో మంచి జవాబులు నాలుగు చదివి వినిపిస్తున్నాను.

ఇంకో సంగతి, కొందరు ఒక్క చుక్క పెట్టి పోస్ట్ కొడతారు. అరగంట ఆగి అందరివీ చూసి, అసలు జవాబు రెండో పోస్టులో పెడతారు. మొదటి పోస్టుకే మార్కులని మొదటి రోజే చెబితే ఇది చాలావరకు తగ్గుతుంది. క్లాసు మొత్తానికి ఒకే ఫోరం కూడా పెట్టకండి. అరవై జవాబులు ఎవరూ చదవరు. ఎనిమిది పది మందికో గ్రూపు చేస్తేనే ఒకరిదొకరు చదువుతారు.

అందరూ వాడాలని నేను అనలేను. నాది కామర్స్, "ఎందుకు" అని అడిగే వీలున్న సబ్జెక్టు. ఒకే సరైన సమాధానం ఉండే లెక్కలకి క్విజ్జే మేలు. మా కాలేజీలో సర్వరు చూసుకునే మనిషి ఉన్నారు, ఒంటరిగా ట్యూషన్ చెప్పుకునే వాళ్లకి ఆ బాధ్యత బరువే. ఆ అరగంటని పదిహేను నిమిషాలకి తగ్గించమని అడిగాను. అది కోర్సుకో రకంగా మార్చే సెట్టింగు కాదు, సైటు మొత్తానికీ ఒకటే. మిగతా డిపార్ట్‌మెంట్లు కూడా ఒప్పుకోవాలి, వచ్చే స్టాఫ్ మీటింగులో పెడుతున్నాను.