కాటా స్క్రిప్టు, సిస్టమ్‌డి: ఏడేళ్లు వాడాక

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ కంప్యూటర్లు నేనే చూస్తాను. పప్పు ఒలిచే ఆడవాళ్లకు కిలోల లెక్కన కూలి. కాటా చూపించే తూకాన్ని సీరియల్ కేబుల్ ద్వారా చదివి డేటాబేస్‌లో ఎక్కించే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. దాన్ని బూట్‌లో లేపే స్క్రిప్టు సెంటాస్ 5 అనే పాత లినక్స్ కాలం నాటిది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు పాత మెషీన్ తడిసి పాడైపోయింది. కొత్తదాంట్లో సెంటాస్ 7 వేశాను. అందులో బూట్ నుంచి ప్రోగ్రాములన్నింటినీ లేపి నడిపేది సిస్టమ్‌డి. బ్యాకప్‌లోని స్క్రిప్టును అలాంటి స్క్రిప్టులుండే ఇనిట్ డి ఫోల్డర్‌లో పెట్టి, బూట్‌లో లేపమని చెప్పే చెక్‌కాన్ఫిగ్ కమాండ్‌తో చేర్చి రీబూట్ చేస్తే, ఒక్క అక్షరం మార్చకుండానే లేచింది. కూలి లెక్కలు ఆగిపోతాయని టెన్షన్ పడుతున్న నాకు ప్రాణం లేచొచ్చింది. బూట్ అయ్యే ప్రతిసారీ సిస్టమ్‌డిలో జనరేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి పాత స్క్రిప్టులను చూసి, వాటికి తనే తాత్కాలికంగా సర్వీస్ ఫైళ్లు, అంటే ఏది ఎలా నడపాలో చెప్పే యూనిట్లు, రాసుకుంటుంది. ఈ పని మాత్రం చాలా బాగా చేస్తుంది.

తర్వాత రెండు దెబ్బలు తిన్నాను. కరెంటు పోయి వచ్చిన కొన్నిసార్లు కాటా ప్రోగ్రామ్ డేటాబేస్ కంటే ముందే లేచి చతికిలపడేది. స్క్రిప్టులో ఉన్న 90 అనే వరస నంబరు పాత స్క్రిప్టుల మధ్యే చెల్లుతుంది. డేటాబేస్ అప్పటికే కొత్త తరహా యూనిట్. స్క్రిప్టు పైన ఏది ఎప్పుడు లేవాలో చెప్పే ఎల్‌ఎస్‌బీ కామెంట్లలో, ముందు లేవాల్సినవి రాసే రిక్వైర్డ్ స్టార్ట్ దగ్గర డేటాబేస్ సర్వీస్ పేరు రాశాక ఆ గొడవ తీరింది.

రెండోది ఇంకా బాధపెట్టింది. ఒక సాయంత్రం ఒకావిడ వచ్చి "బాబూ, మజ్జాన్నం నుంచి నా తూకం కనబడ్డం లేదేటి?" అని అడిగింది. చూస్తే స్టేటస్ పచ్చగా యాక్టివ్ అనే ఉంది. పక్కన బ్రాకెట్లో ఎగ్జిటెడ్ అన్న మాటను నేనెప్పుడూ పట్టించుకోలేదు. ప్రోగ్రామ్ ఎప్పుడో చచ్చిపోయింది. ప్రాసెస్ నంబరు రాసి ఉండే పిడ్ ఫైల్ ఎక్కడుందో స్క్రిప్టు కామెంట్లలో లేకపోతే, లోపల ఒక్క ప్రాసెస్ మిగలకపోయినా ఆ సర్వీసును సిస్టమ్‌డి యాక్టివ్‌గానే లెక్కేస్తుంది. అందుకే స్టార్ట్ కొడితే ఏమీ జరగలేదు, రీస్టార్ట్ కొడితేనే లేచింది. ఆ పూట తూకాలన్నీ చేతిపుస్తకం చూసి రాత్రి పదింటిదాకా ఎక్కించాను.

మర్నాడే సొంతంగా యూనిట్ ఫైల్ రాశాను, పట్టుమని పన్నెండు లైన్లు. టైప్ సింపుల్, డేటాబేస్ తర్వాతే లేవాలని ఆఫ్టర్‌లో డేటాబేస్, పడితే మళ్లీ లేపమని రీస్టార్ట్ ఆల్వేస్, మధ్యలో ఐదు సెకన్ల విరామం. స్క్రిప్టులో ఎస్‌యూ కమాండ్‌తో యూజర్ మార్చే తంటా కూడా యూజర్ అన్న ఒక్క లైన్‌తో పోయింది. ఇప్పుడు కేబుల్ ఊడినా, మళ్లీ గుచ్చగానే దానంతటదే లేస్తుంది. ఎప్పుడు ఎందుకు పడిందో సిస్టమ్‌డి రాసుకునే జర్నల్‌లో ఉంటుంది. ఫైల్ మార్చాక సిస్టమ్‌డి దాన్ని మళ్లీ చదివేలా డీమన్ రీలోడ్ కొట్టడం మాత్రం మరవకండి.

మెషీన్ మార్చిన రోజు గండం గట్టెక్కడానికి పాత స్క్రిప్టును అలాగే నడపండి, తప్పు లేదు. ఎవరి కూలైనా దానిమీద ఆధారపడి ఉంటే మాత్రం వారంలోపు యూనిట్ రాసేయండి. 2023లో వచ్చిన 254వ వెర్షన్‌లోనే ఈ పాత స్క్రిప్టుల సపోర్టు ముందుముందు తీసేస్తామని సిస్టమ్‌డి వాళ్లు చెప్పేశారు. నా దగ్గర బ్యాకప్ తీసే పాత స్క్రిప్టు ఒక్కటి మిగిలింది. ఈ ఆదివారం ఫ్యాక్టరీ సెలవు, దాన్నీ మార్చేస్తాను.