పాత డిటెక్టివ్ సినిమా డిస్కులు కొనేవారికి హెచ్చరిక: ‘కథే అంత’ అంటే నమ్మకండి

పాత అపరాధ పరిశోధన చిత్రాల డిస్కులు ఆన్‌లైన్‌లో కొనేవారికి, ముఖ్యంగా మాలాగా ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఉంటూ కొరియరు మీదే ఆధారపడే తెలుగువారికి, నాకు జరిగిన మోసం తెలియాలని ఇది రాస్తున్నాను. గత నెలలో 649 రూపాయలు పెట్టి ‘ది బిగ్ స్లీప్’ అనే ఇంగ్లీషు చిత్రం డీవీడీ తెప్పించుకుంటే, నా చేతికి వచ్చింది కత్తిరించిన నకలు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ చిత్రం కథ పెద్ద చిక్కుముడి అని లోకంలో ఉన్న పేరునే అడ్డం పెట్టుకుని అమ్మకందారు తన కత్తిరింపును కప్పిపుచ్చుకోవడం నన్ను ఎక్కువగా బాధించింది.

మాది పర్లాకిమిడి. మా మామయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. అద్దె పుస్తకాల కొట్టు నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని, తెల్లవారేలోగా పూర్తిచేసి తిరిగి ఇచ్చిన తరం ఆయనది. ఇప్పుడు వినికిడి బాగా తగ్గడంతో సబ్‌టైటిల్స్ లేనిదే ఏ సినిమా చూడలేరు. ప్రకటనలో ‘పూర్తి నిడివి 114 నిమిషాలు, తెలుగు సబ్‌టైటిల్స్’ అని స్పష్టంగా ఉండడం వల్లనే, ఆయన సంతోషిస్తారని ఆ డిస్కు కొన్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం కూర్చున్నాం. మొదటి అక్షరాలు పడగానే కింద ‘పెద్ద నిద్ర’ అని వచ్చింది. ఆ పేరులోని నిద్ర చావు. మన భాషలో శాశ్వత నిద్ర అని చక్కని మాట ఉండనే ఉంది. అనువాదం మనిషి చేసింది కాదని అక్కడే అర్థమైంది. పైగా ప్రతి వాక్యమూ పాత్ర పెదవులు కదిలిన ఐదారు సెకన్లకు గాని తెరమీదికి రాలేదు. ఒకరి మాట మరొకరి ముఖం కింద కనిపిస్తుంటే, మామయ్యగారు ఎవరు ఏమన్నారో పోల్చుకోలేక అవస్థ పడ్డారు. అరగంట గడిచేసరికి, “ఈ మనిషి ఎవర్రా? ఇందాక రాలేదే?” అని అడగడం మొదలుపెట్టారు. నేనేమో, “ఈ సినిమా అంతేనట మామయ్యా, ఎవరికీ ఒక పట్టాన అర్థం కాదట” అని సర్దిచెప్పాను. తప్పు డిస్కుది కాగా, నేను దాన్ని సినిమా మీదికి తోశాను. అమ్మకందారుకు కావలసింది సరిగ్గా ఇదే.

అర్థం కాని చిత్రమన్న ఆ పేరు ఊరికే రాలేదు. అమెరికన్ రచయిత రేమండ్ చాండ్లర్ 1939లో ప్రచురించిన నవలను హోవర్డ్ హాక్స్ చిత్రంగా తీశాడు. హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్ ముఖ్యపాత్రధారులు. చిత్రీకరణ 1945 మొదట్లోనే ముగిసింది, ఒక రూపాన్ని ఆ ఏడాదే అమెరికా సైనికులకు చూపించారు. ఆ తరువాత నాయికా నాయకుల మధ్య కొత్త సన్నివేశాలు తీసి కలిపి, డిటెక్టివ్ మార్లో కేసు పూర్వాపరాలను విడమరిచి చెప్పే సన్నివేశాన్ని తీసివేసి, 1946లో విడుదల చేశారు. కనుక జనం చూసిన చిత్రంలో వివరణ తక్కువ, వేగం ఎక్కువ. కథలో ఒక కారు డ్రైవరు చనిపోతాడు. అతణ్ని ఎవరు చంపారని చిత్రం తీస్తున్నవారు అడిగితే, తనకూ తెలియదని చాండ్లర్ జవాబిచ్చాడు. ఈ సంగతి ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు.

అయినా, కథను క్లిష్టంగా అల్లడం వేరు, అల్లినదాన్ని మధ్యలో తెగ్గోయడం వేరు. అసలు చిత్రంలో, శ్రద్ధగా చూసేవారికి ఒక్క డ్రైవరు విషయం తప్ప మిగతా పోగులు చాలావరకు దొరుకుతాయి. నా డిస్కులో ఆ పోగులే లేవు.

ఈ సంగతి విశాఖపట్నంలో ఉన్న మా మేనల్లుడి వల్ల బయటపడింది. అతని దగ్గర సరైన డిస్కు ఉంది. ఫోను స్పీకరులో పెట్టుకుని, అక్కడ అతను, ఇక్కడ నేను ఒకేసారి నడిపించి చూశాం. వాన కురుస్తున్న రాత్రి మార్లో తడిసిన కోటుతో ఉన్నాడు. సంగీతం ఒక స్వరం మధ్యలో పుటుక్కున తెగింది. మరుక్షణం అతను పొడిబట్టలతో పగటివేళ తన ఆఫీసులో ఉన్నాడు. “మామయ్యా, అప్పుడే ఆఫీసుకు వెళ్లిపోయాడేమిటి? నా దాంట్లో ఇంకా రాత్రే” అన్నాడు మేనల్లుడు. ఆ మధ్యలోనే, డ్రైవరు శవం కారుతో సహా సముద్రంలో దొరికిందన్న కబురు మార్లోకు అందుతుంది. అంటే, ఎనభై ఏళ్లుగా ప్రేక్షకులు అడుగుతున్న ఆ ప్రశ్న నా డిస్కు చూసినవారికి పుట్టనే పుట్టదు. హ్యారీ జోన్స్ అనే చిన్నపాటి మనిషికి విషం తాగిస్తుంటే మార్లో పక్కగదిలో నిలబడి వినే సన్నివేశం కూడా లేదు. ఈ చిత్రంలో మనసును పట్టేసే ఘట్టాల్లో అదొకటని నేను మేనల్లుడి దగ్గరికి వెళ్లి చూశాకే తెలుసుకున్నాను. నా డిస్కు మొత్తం నిడివి చూస్తే 92 నిమిషాలు.

అమ్మకందారుకు రాస్తే వచ్చిన జవాబు ఇది: “ఆ సినిమా ఎవరికీ అర్థం కాదు సార్, కథ రాసినాయనకే తెలీదంట. డిస్కులో లోపమేమీ లేదు.” మా పిన్‌కోడుకు వాపసు తీసుకునే సౌకర్యం లేదని కూడా చేర్చాడు. నిమిషాల లెక్క పంపిన తరువాత అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

కొనదలచినవారు ముందుగా నిడివి అడగండి. 1946 నాటి రూపం 114 నిమిషాలు, 1945 నాటిది 116. అయితే మన దేశంలో వాడే పాల్ (PAL) అనే టీవీ పద్ధతి డిస్కుల్లో సెకనుకు 24 బొమ్మలకు బదులు 25 నడుస్తాయి కనుక, 114 నిమిషాల చిత్రం సుమారు 109కే ముగుస్తుంది. దాన్ని చూసి కంగారుపడనక్కరలేదు. అంతకన్నా బాగా తగ్గితే మాత్రం కత్తెర పడినట్టే. చిత్రం నలుపు తెలుపుల్లో, దాదాపు పాత టీవీ తెర ఆకారంలో ఉండాలి. ఇప్పటి వెడల్పు టీవీ నిండా కనిపించిందంటే, పైనా కిందా కోసేసో, పక్కలకు సాగదీసో ఉంటారన్నమాట. 2000లో అమెరికాలో వచ్చిన డీవీడీలో రెండు రూపాలూ ఉన్నాయి గాని, అది అక్కడి రీజియన్ 1 డిస్కు (ఏ ప్రాంతపు ప్లేయరులో ఆడాలో తెలిపే సంకేతం ఇది). మనది రీజియన్ 5 కాబట్టి ఇక్కడి మామూలు ప్లేయరులో ఆడకపోవచ్చు.

డిస్కు చేతికి వచ్చాక వెనక్కి తిప్పి వెలుతురులో పట్టుకోండి. కంపెనీ అచ్చు డిస్కు అడుగు వెండిలా గాని, లేత బంగారు ఛాయతో గాని ఉంటుంది. ఇంట్లో కంప్యూటరు మీద రాసిన డిస్కు అడుగున సాధారణంగా ఊదారంగు ఛాయ కనిపిస్తుంది. నాది ఊదాగానే ఉంది. కవరు మీద తడి బొటనవేలు తగిలితే బోగార్ట్ టోపీ నలుపు నా వేలికి అంటుకుంది. పార్సిలు విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. నేను తీయలేదు, అందుకే మొదట్లో నా మాట ఎవరూ వినలేదు.

అమ్మకందారు మొండికేస్తే, మీరు కొన్న ఆన్‌లైన్ వేదికవారి ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915, తెలుగులోనే మాట్లాడవచ్చు. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. సరిహద్దులో ఉన్నాం, ఎవరికి చెప్పుకోవాలో తెలియదు అని ఊరుకోకండి.

హెల్ప్‌లైనుకు చెప్పిన పదకొండో రోజున నా డబ్బు వెనక్కి వచ్చింది. కాని అదే డిస్కు ఇప్పుడు మరో అమ్మకందారు పేరుతో, అదే ఫొటోతో, 599 రూపాయలకు మళ్లీ కనిపిస్తున్నది. ఆ ఫొటోలో కవరు ఎడమ కింది మూలన చిన్న చిరుగు ఉంది, దాని పక్కనే పసుపు చీటీ మీద ‘114 నిమిషాలు’ అని చేత్తో రాసి ఉంది. ఆ చిరుగు, ఆ చీటీ కనిపిస్తే కొనకండి.