దవడ గడ్డను పసుపు కింద దాచి చూడి ఆవును అమ్మిన బేరగాడు: పాడి రైతులకు హెచ్చరిక

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ముద్దనూరు వైపు పాడి పశువులు కొనేవారికి పశువుల బేరాలు నడిచే వాట్సాప్ గ్రూపు గురించీ, అందులో రోజూ ఆవుల వీడియోలు పెట్టే ఆ బేరగాడి గురించీ కొత్తగా చెప్పనక్కరలేదు. అతని పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదులో రాస్తాను. అతని దగ్గర 78,000 రూపాయలు పోసి కొన్న మా చూడి ఆవుకు ఎడమ దవడ ఎముక లోపలినుంచి పాడైపోతోందనీ, నమిలే పళ్లు కదిలిపోయాయనీ, అమ్మేనాటికే ఆ సంగతి అతనికి తెలుసుననీ నిన్న పశువైద్యుని ఎదుటే తేలిపోయింది. కోపం చల్లారేవరకు ఆగకుండా ఇప్పుడే రాయడానికి కారణం, ఈ ఉదయం అతను మరో రెండు ఆవులను అమ్మకానికి పెట్టడమే.

ఆవు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతిది. ఆరు పళ్లది, ఆరు నెలల చూడి, పూటకు నాలుగు లీటర్ల పాలిస్తుందని చెప్పాడు. డబ్బు నా భార్య డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు. వీడియోలలో పొదుగు, నడక, పాలు పితకడం అన్నీ చూపించాడు. ఇప్పుడు వాటిని మళ్లీ వేసి చూస్తే ఒక్కదానిలో కూడా ఆవు ఎడమ చెంప కనబడదు. అన్నీ కుడివైపు నుంచే తీశాడు. టాటా ఏస్‌లో ఆవు మా ఇంటి ముందు దిగేసరికి మసక చీకటి పడింది. ఎడమ దవడ మీద నిమ్మకాయంత ఎత్తు కనిపించింది, దాని మీద పసుపూ వేపాకూ నూరిన ముద్ద దట్టంగా పట్టించి ఉంది, పైగా కొత్త ముఖతాడు సరిగ్గా దాని మీదుగానే బిగించి ఉంది.

నేను డబ్బు చేతికివ్వకముందే అడిగాను. మా తమ్ముడు, బండి డ్రైవరు వింటూ ఉండగానే, ఈ గడ్డ ఏమిటని సూటిగా అడిగాను. "సెనక్కాయ కట్టెలో (వేరుశెనగ ఎండుమేతలో) ముల్లు గుచ్చుకునిందన్నా, వారం కాలేదు. పసుపు పట్టిస్తాండాం, నాలుగు దినాల్లో అణిగిపోతాది. నా పిల్లోళ్ల మీద ఒట్టు, దేవుని కడప సామి మీద ఒట్టు" అన్నాడు. అలా అంటూనే ఆవు కింది పెదవిని లాగి ముందు పళ్లు ఆరూ చూపించాడు.

ఆ తరువాత ఆవు మేత దగ్గర ప్రవర్తించిన తీరు చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. దానికి ఆకలి ఉంది. కట్ట వేయగానే ఆత్రంగా నోట పట్టుకునేది, రెండు మూడు సార్లు దవడ ఆడించేది, తల ఒక పక్కకు వంచి ఆగిపోయేది, సగం నలిగిన మేత జొల్లుతో కలిసి ముద్దగా కింద పడిపోయేది. మళ్లీ దానినే వాసన చూసి మళ్లీ నోట పెట్టుకునేది. పేడలో పొడుగు పొడుగు పీచులు నమలకుండానే వచ్చేవి. పాలు రోజురోజుకూ తగ్గాయి, నోటినుంచి కుళ్లు వాసన మొదలైంది.

నిన్న పశువైద్యుడు వచ్చి ముందుగా గోరువెచ్చని నీళ్లతో ఆ పసుపు ముద్దను కడిగించాడు. దాని కింద రెండు గుండ్రటి మచ్చలు బయటపడ్డాయి. అవి వాతలు. ఆ మచ్చల మీద వెంట్రుక లేదు, చర్మం ఎప్పుడో మానిపోయి నున్నగా మెరుస్తోంది. "ఇవి వారం కిందటివి కావు, నెలల కిందటివి. ఈ గడ్డ అప్పటికే ఉంది" అని ఆయన చెప్పాడు. గడ్డను రెండు వేళ్ల మధ్య పట్టి కదపబోతే అది కదలలేదు, ఎముకతో ఒకటైపోయింది. అడుగున చిన్న రంధ్రం దగ్గర నొక్కితే జిగట చీము వచ్చింది, అందులో ఇసుక రేణువుల్లాంటి పసుపుపచ్చని పలుకులు ఉన్నాయి. రెండు గాజు పలకల మధ్య ఆ చీమును పెట్టి రుద్ది, ఆ గరగర నా వేళ్లకు కూడా తెలిసేలా చూపించాడు. నోరు తెరిచి ఉంచే సాధనం పెట్టి టార్చి వేసి చూస్తే ఎడమవైపు నమిలే పళ్లు వరుస తప్పి ఉన్నాయి, రెండింటిని వేలితో తాకగానే కదిలాయి.

నేను అక్కడే ఫోను స్పీకరులో పెట్టి అతనికి కలిపాను. వాతల సంగతి అడిగాను. అతను కాదనలేదు. "రెండు తూర్లు వాతలు ఏపించినా తగ్గల్యా, అందుకే అమ్మితి. పాలు పొదుగులో ఉంటాయా, దవడలో ఉంటాయా? నువ్వు కొనకుంటే ఇంకొకడు కొనేవాడు" అన్నాడు. మరి పిల్లల మీద, దేవుని మీద పెట్టిన ఒట్టు మాటేమిటని నా భార్య పక్కనుంచి అడిగితే, "బ్యారంలో ఒట్టు పెట్టనోడు ఎవుడుండాడమ్మా?" అని ఫోను పెట్టేశాడు. ఆమె పలుపుతాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వైద్యుడు తలదించుకుని చేతులు కడుక్కున్నాడు. డబ్బు పోవడం ఒక ఎత్తు. ఒక నోరులేని జీవికి తినలేని బాధ ఉందని తెలిసి తెలిసి, దాని మీద పసుపు పులిమి, ఆ మాట అడిగిన ఇల్లాలికి అలాంటి జవాబు చెప్పగలగడం మరో ఎత్తు. దానిని నేను మరచిపోలేను.

జబ్బు గురించి వైద్యుడు వివరించినది తోటి రైతులకు తెలియాలి. దీనిని ఆక్టినోమైకోసిస్ అంటారు. ఆక్టినోమైసిస్ బోవిస్ అనే బ్యాక్టీరియా దీనికి కారణం. అది మామూలు పశువుల నోటిలో కూడా ఉంటుంది, ఊరకే ఉన్నంతకాలం హాని చేయదు. ముల్లు, మొనదేలిన గడ్డి, గట్టి కట్టెపుల్లలు గుచ్చుకుని పంటి చిగుళ్లకు గాయమైనప్పుడో, పాల పన్ను ఊడి కొత్త పన్ను వచ్చే చోటినుంచో లోపలికి దిగి దవడ ఎముకను పట్టుకుంటుంది. మన వైపు ఎండాకాలమంతా సెనక్కాయ కట్టె, జొన్న చొప్ప, పొలం గట్ల మీది తుమ్మ కొమ్మలే పశువులకు ఆధారం కాబట్టి ఇలాంటి గాయాలు మనకు కొత్త కాదు. మొదట్లో నొప్పి పెద్దగా ఉండదు, వాపు నెమ్మదిగా పెరుగుతుంది, అందువల్ల అమ్మేవాడికి దాచడం సులువు. తరువాత ఎముక గుల్లబారి పళ్లు వదులవుతాయి.

ఇందులో అన్నిటికంటే నన్ను కుంగదీసినది చికిత్స విషయం. సోడియం అయోడైడ్‌ను నరానికి ఎక్కించి, వారం పది రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ ఇస్తే జబ్బు ముదరకుండా ఆపవచ్చునట. కానీ చూడి ఆవుకు ఆ మందు ఇస్తే ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం ఉంది. అందుచేత వైద్యుడు దానిని పక్కనబెట్టి పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. ఆ మందులు నడుస్తున్నన్నాళ్లూ, ఆపిన తరువాత ఆయన చెప్పిన గడువు ముగిసేదాకా పాలు పాలకేంద్రంలో పోయకూడదు. వాపు ఇక పెరగకపోతే అదే గొప్ప, పాడైన ఎముక మళ్లీ మామూలుగా కావడం అరుదు అని కూడా చెప్పాడు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే, చూడి కట్టకముందే వైద్యం చేయించి ఉంటే ఆ జీవికి ఇంత బాధ ఉండేది కాదు. వైద్యానికి పెట్టాల్సిన డబ్బును అతను వాతలకూ పసుపుకూ ఖర్చు పెట్టాడు. ఇప్పుడు మేము దానికి చొప్పను సన్నగా తరిగి, తవుడూ, నూనె తీసిన చెక్కా నీళ్లలో నానబెట్టి పెడుతున్నాము. చీము తొట్టిలో పడకుండా వేరే గాటిన కట్టి, విడిగా తొట్టి పెట్టాము.

దవడ దగ్గర ప్రతి వాపూ ఇదే కాదు. దవడల మధ్య మెత్తగా వాపు ఉండి, బొటనవేలితో నొక్కితే గుంట పడి నిలిస్తే అది నీరు దిగడం. కార్జపు జలగలు, కడుపులోని పురుగులు రక్తం పీల్చడం వల్ల సాధారణంగా అలా వస్తుంది, పురుగు మందుతో చాలావరకు తగ్గుతుంది. నాలుక గట్టిపడి వాచి, బయటికి వేలాడుతూ, మేతను లోపలికి లాక్కోలేకపోతే అది ఇంకొక బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు, దానికి అయోడైడ్ వైద్యం తొందరగా పనిచేస్తుంది. గాలికుంటులో నాలుక మీద, చిగుళ్ల మీద బొబ్బలు చిట్లి పుండ్లు పడతాయి, గిట్టల మధ్య కూడా పుండ్లుంటాయి, జ్వరం ఉంటుంది. కదలని, గట్టి, ఎముకకు అంటుకున్న గడ్డ మాత్రం వేరు. ముల్లు గుచ్చుకున్న వాపని ఎవరు చెప్పినా నమ్మకండి.

ముందు పళ్లు చూపించి నోరంతా బాగుందని నమ్మించడం ఈ బేరగాళ్లకు అలవాటు. ముందు పళ్లు వయసును మాత్రమే చెబుతాయి. ఆవుకు పై దవడలో ముందు పళ్లే ఉండవు. మేతను నమిలేవి లోపలి పళ్లు, ఒక్కో పక్క పైన ఆరు, కింద ఆరు. అవి పెదవి లాగితే కనబడవు. పశువు మీ ఎదుట ఎండుమేతను కడుపారా తిని, కూర్చుని నెమరు వేయడం చూస్తేనే వాటి సంగతి తెలుస్తుంది.

చట్టం గురించి మా బంధువైన న్యాయవాది చెప్పిన మాట ఒకటి ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 17వ సెక్షను ప్రకారం తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడం మోసమే. అదే సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణలలో జబ్బు గుర్రాన్ని అమ్మిన వ్యవహారం ఉంది: అమ్మేవాడు ఏమీ అనకుండా ఊరుకుంటే మోసం కాదు. కానీ "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను" అని కొనేవాడు అన్న తరువాత కూడా అతను మౌనంగా ఉంటే, ఆ ఉదాహరణలో ఆ మౌనం మాటతో సమానం. అంటే అడగడం ముఖ్యం, నలుగురి ముందు అడగడం ఇంకా ముఖ్యం. మా విషయంలో అతను మౌనంగా కూడా లేడు, అబద్ధం చెప్పాడు, గడ్డను కప్పాడు. సొంత కష్టంతో జీవనోపాధి కోసం కొన్నవారిని కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది, మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. నేను చేయబోతున్నాను.

కొనబోయేవారు దయచేసి పగటి వెలుతురులోనే పశువును దించుకోండి, ముఖతాడు విప్పించండి, పసుపైనా సున్నమైనా పూసి ఉంటే కడిగించి చూడండి. రెండు చెంపల వీడియో అడగండి, చెవి ట్యాగులోని 12 అంకెల నంబరు రాసుకోండి. అనుమానం ఉంటే 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి, లేదా ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాలకు తీసుకువెళ్లండి. వైద్యుడు నోరు తెరిచి చూసేవరకు పూర్తి డబ్బు ఇవ్వకండి.

ఇదే మనిషి దగ్గర కొని, ఇలాగే దవడ వాపుతోనో మేత వదిలేసిన స్థితిలోనో పశువు దక్కినవారు ఈ పోస్టు కింద ఒక మాట రాయండి. అతను పంపిన వీడియోలు, డబ్బు పంపిన ఫోన్‌పే రసీదులు, వైద్యుడు రాసిచ్చిన చీటీ చెరిపివేయకుండా ఉంచుకోండి. ఫిర్యాదులో మీ పశువు వివరాలు కూడా చేర్చడానికి మీరు ఒప్పుకుంటే, వచ్చే సోమవారం కడపకు వెళ్లేలోపు నాకు తెలియజేయండి.