మ్యూవాన్ల లెక్కకు గ్యాస్ ట్యూబులా, సింటిలేటర్ పట్టీలా?

అంతరిక్షం నుంచి వచ్చిన కణం గాలిని ఢీకొంటే పుట్టే కణాల జల్లే ఎయిర్ షవర్. అందులో ఎలక్ట్రాన్లను, గామా కిరణాలను ఆపేసి మ్యూవాన్లను (ఎలక్ట్రాన్ లాంటివే, కానీ బరువైన కణాలు) మాత్రమే రానివ్వాలంటే పరికరం పైన బరువు ఉండాలి. ఊటీలోని కాస్మిక్ కిరణాల ప్రయోగం గ్రేప్స్-3లో అది కాంక్రీటు, చదరపు సెంటీమీటరుకు 550 గ్రాములు. అర్జెంటీనాలోని పియర్ ఆజే అబ్జర్వేటరీలో 2.3 మీటర్ల మట్టి, దాదాపు 540 గ్రాములు. రెండుచోట్లా నిట్టనిలువుగా వచ్చే మ్యూవాన్‌కు కనీసం 1 జీఈవీ (వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తి కావాలి.

ఊటీలో 6 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల చదరపు అడ్డుకోత ఉన్న 3,712 గ్యాస్ నింపిన ఉక్కు ట్యూబులున్నాయి. నాలుగు వరుసల్లో ఒకదానికొకటి అడ్డంగా పేర్చడంతో మ్యూవాన్ వచ్చిన దిక్కూ తెలుస్తుంది. 2014 డిసెంబరు 1 నాటి ఉరుముల మేఘంలో 130 కోట్ల వోల్టుల పొటెన్షియల్‌ను అంచనా వేయగలిగింది అందుకే. ఇబ్బందల్లా గ్యాస్‌తోనే: కాస్త ఆక్సిజన్ చేరినా అది ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది, ట్యూబు ఇచ్చే విద్యుత్ పల్స్ చిన్నదైపోతుంది.

ఆజేలో వాడేవి సింటిలేటర్ పట్టీలు, అంటే కణం తాకితే వెలిగే ప్లాస్టిక్ పట్టీలు. వీటికి గ్యాస్ బెడద లేదు, స్పందన నానోసెకన్లలోనే. 10 చదరపు మీటర్ల మాడ్యూల్‌కు 64 పట్టీలు. అయితే ఒకే పట్టీలో రెండు మ్యూవాన్లు ఒకేసారి పడితే ఒకటిగానే లెక్కవుతాయి. 32 పట్టీలు వెలిగితే వచ్చినవి 32 కావు, సుమారు 44. 64కు 64 వెలిగితే లెక్కే తేలదు. ఏటవాలుగా వచ్చిన మ్యూవాన్ పక్కపక్క పట్టీలు రెండింటినీ తాకితే, లెక్క ఎక్కువా పడుతుంది. ఈ రెండు సవరణలూ తప్పనిసరి.

దిక్కు ముఖ్యమైతే ట్యూబులే మేలు. కిలోమీటర్ల మేర విడివిడిగా పాతాలంటే మాత్రం పట్టీలే.